ఇద్దరు పిల్లలు, శనివారం ఒక్కపొద్దు ఉండే అత్తమ్మ: హైదరాబాద్‌లో రెండు రోజులు ఎక్కడ తినాలి?

దేవరకొండ టీచరమ్మ:

అందరికీ నమస్తే. దసరా అయిపోయాక ఇంకా నాలుగు రోజులు సెలవులు మిగులుతాయి కదా, అప్పుడు పిల్లలను హైదరాబాద్ తీసుకుపోదామని అనుకున్నాం. శుక్రవారం సాయంత్రం బస్సెక్కి వనస్థలిపురంలో మా ఆడబిడ్డ ఇంటికి పోతాం. పడుకునేదీ, పొద్దున టిఫినూ అక్కడే. శనివారం సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్. ఆదివారం జూపార్క్ చూసుకుని అటునుంచి అటే ఇంటికి. తిరుగుడు గురించి బెంగ లేదు. తిండి గురించే టెన్షన్.

మా బిడ్డకు తొమ్మిదేళ్లు. హైదరాబాద్ పోయి పిజ్జా తినకుండా వస్తే పోయినట్టే కాదని క్లాసులో ఎవరో చెప్పారట. బాబుకు నాలుగేళ్లు. నాలుకకు కారం తగిలిందంటే గ్లాసెడు నీళ్లు తాగి ఇక నోరు తెరవడు. ఇడ్లీ, పెరుగన్నం, ఉడకబెట్టిన గుడ్డు, అంతే వాడి మెనూ. మా అత్తమ్మ శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. మధ్యాహ్నం ఒక్కపూటే అన్నం, రాత్రికి ఏదైనా టిఫిన్. ఆరోజు నీసు వండే హోటల్లో మంచినీళ్లు కూడా ముట్టదు. మా ఆయన సంగతి చెప్పక్కర్లేదు, ‘అంత దూరం పోయి బిర్యానీ తినకుండా వస్తామా’ అని ఒకటే పాట.

పోయినసారి ఒక పేరున్న హోటల్‌కు పోయాం. పేరు ఎందుకులెండి. టోకెన్ ఇచ్చి మెట్ల దగ్గర నిలబెట్టారు. మా నంబర్ పిలిచేసరికి బాబు ఏడ్చి ఏడ్చి నా భుజం మీదే నిద్రపోయాడు. వాడిని ఒళ్లో పడుకోబెట్టుకుని, వాడి మొహం మీద మెతుకులు పడకుండా చూసుకుంటూ ఒక చేత్తో తిన్నాను. ఏం తిన్నానో కూడా గుర్తులేదు.

బస్సు టికెట్ ఒక్క మా ఆయనకే. ఆడవాళ్లకు ఉచిత బస్సు ఇచ్చే మహాలక్ష్మి పథకం పుణ్యమా అని నాకు, అత్తమ్మకు, బిడ్డకు జీరో టికెట్. బాబుకు ఇంకా ఐదేళ్లు నిండలేదు. అక్కడ మిగిలేదీ తిండికే పెడదామనుకున్నాం, రెండు రోజులకు కలిపి మూడున్నర వేల దాకా. యూట్యూబ్‌లో చూస్తే అందరూ ‘టాప్ టెన్’ అంటారు, ఒక్కరూ పిల్లలతో పోయినట్టు కనబడరు. పిల్లలతో పోయినవాళ్లు ఎవరైనా చెప్పండి.

ఎల్బీనగర్ బ్యాచిలర్:

ఇందులో ఆలోచించేదేముంది అక్కా? ప్యారడైజ్, బావర్చి, షా గౌస్, కేఫ్ బహార్. నాలుగింట్లో ఏదైనా కళ్లు మూసుకుని పోవచ్చు. అత్తమ్మకు చట్నీస్‌లో దోశ. సెట్!

దేవరకొండ టీచరమ్మ:

తమ్ముడూ, మేము బిర్యానీ తినేదాకా అత్తమ్మ ఒక్కతే బంజారాహిల్స్‌లో దోశ తింటూ కూర్చుంటుందా?

నకిరేకల్ డ్రైవర్:

టీచరమ్మా, నేను కిరాయి కారు నడుపుతాను. ఆస్పత్రికని, పెళ్లి బట్టలకని, జూపార్క్‌కని మన దిక్కు కుటుంబాలను హైదరాబాద్ తీసుకుపోవడమే నా పని. హోటళ్ల బయట కూర్చుని చూస్తూనే ఉంటాను. పొద్దున నవ్వుకుంటూ దిగినవాళ్లు ఒంటిగంటన్నరకు మొగుడూ పెళ్లాం మాట్లాడుకోకుండా వచ్చి కారెక్కుతారు. పదిసార్లలో తొమ్మిదిసార్లు గొడవ తిండి దగ్గరే.

తమ్ముడు చెప్పిన పేర్లు మంచివే. కానీ ప్యారడైజ్ సికింద్రాబాద్‌లో, బావర్చి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో, కేఫ్ బహార్ బషీర్‌బాగ్ దిక్కు. మీరు ఉండేది చార్మినార్ దగ్గర. నాలుగేళ్ల పిల్లగాడికి ఆకలైనప్పుడు ఆటో ఎక్కి పాతబస్తీ ట్రాఫిక్‌లో మూసీ దాటి సికింద్రాబాద్ పోతే, అక్కడ బిర్యానీ ఎంత బాగున్నా ఆ పూట పాడైనట్టే. పిల్లలుంటే హోటల్ పేరు వెతకొద్దు. పన్నెండు గంటలకు మీరు ఎక్కడ ఉంటారో అక్కడికి దగ్గర్లో ఏముందో చూడండి. ఆకలి ఒంటిగంటకని పెద్దవాళ్లు అనుకుంటారు. పొద్దున ఏడింటికి రెండు ఇడ్లీలు తిని తిరిగే పిల్లలకు పదకొండున్నరకే మొదలవుతుంది.

ఇక అసలు సంగతి. హోటల్ సంగతి తర్వాత, ముందు మీరు రోజులు తిప్పండి. అత్తమ్మ ఒక్కపొద్దు ఉన్న శనివారం పెట్టుకుని పాతబస్తీ మదీనా సెంటర్, చార్మినార్ పోతున్నారు. అక్కడ అడుగడుక్కీ కబాబు పొగ, పాయా వాసన. ఆమె నీసు తినే ఆదివారం చూస్తే జూలో జంతువుల మధ్య పులిహోర. తారుమారు చేయండి. శనివారం జూ, ఆదివారం మ్యూజియం, చార్మినార్. సాలార్‌జంగ్‌కు సెలవు శుక్రవారం, జూకు సోమవారం. మీరు వెళ్లే రెండు రోజులూ రెండూ తెరిచే ఉంటాయి.

శనివారం సద్ది కట్టుకుపోండి. జూపార్క్ అంటే 380 ఎకరాలు, ఒకసారి లోపలికి పోయాక అన్నానికి బయటికొచ్చి మళ్లీ పోదామంటే కుదిరే పని కాదు. గేటు తెరిచే వేళకే లోపల ఉంటే పులులు, సింహాలు ఎండ ముదరకముందే కనబడతాయి, పన్నెండింటికి చెట్టుకింద దుప్పటి పరుచుకుని తినొచ్చు. అత్తమ్మకు ఇంటి వంట, ఒక్కపొద్దుకు ఏ ఇబ్బందీ లేదు. అన్నీ స్టీలు డబ్బాల్లో పెట్టుకోండి, ప్లాస్టిక్ కవర్లు లోపలికి రానివ్వరు. బాబుకు పెరుగన్నం కలిపేటప్పుడు పెరుగు ఎక్కువ వేయకండి. అన్నం మెత్తగా మెదిపి, కాచి చల్లార్చిన పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు వేయండి. మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుంటుంది, పులవదు. గుడ్లు వేరే డబ్బాలో, మీ సంచిలో పెట్టుకోండి. అత్తమ్మ సంచిలో మాత్రం వద్దు!

ఆదివారం పొద్దున పదింటికల్లా సాలార్‌జంగ్‌లో ఉండండి. అక్కడి గడియారం మీకు తెలిసే ఉంటుంది, గంటగంటకూ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టిపోతుంది. అందరూ పన్నెండు గంటలది చూస్తారు, ఎక్కువసార్లు కొడుతుందని. మీరు పదకొండుది చూడండి. పన్నెండుది చూసినవాళ్లంతా ఒక్కసారే బయటపడి అన్నానికి పోతారు, వాళ్లకంటే అరగంట ముందు మీరు టేబుల్ పట్టుకోవాలి. పదకొండైనా పన్నెండైనా పిల్లలకు ఆ బొమ్మ బయటికి రావడమే ముఖ్యం.

అక్కడి నుంచి మదీనా దగ్గరే. హైకోర్టు రోడ్డులో షాదాబ్ ఉంటుంది, మీ ఆయన పాట అక్కడ తీరుతుంది. పేరున్న చోటే కాబట్టి ఆదివారం ఒంటిగంట దాటితే మీ పోయినసారి కథే మళ్లీ. పన్నెండుకు ముందే పోతే కూర్చునే చోటు దొరుకుతుంది. ఏసీ ఉన్న ఫ్యామిలీ సెక్షన్ ఎక్కడైనా అడిగి అందులోనే కూర్చోండి. రేటు కొంచెం ఎక్కువే. కానీ పిల్లలు ఒంటేలుకు అంటే పరుగెత్తాల్సిన పని ఉండదు, చేతులు కడిగే చోటు దగ్గర ఉంటుంది, అత్తమ్మ కాళ్లు చాపుకుంటుంది. ఆ తేడా డబ్బు గురించి నేను ఎవరితోనూ బేరం ఆడను.

బాబు బిర్యానీ తినడని మీరు అనుకుంటున్నారు. తింటాడు, అడిగే పద్ధతి తెలియాలి. మన ఊళ్లలో చేసేది మాంసం కూర ఉడికించి అన్నంలో కలిపే రకం, మెతుకు మెతుక్కీ కారం పడుతుంది. హైదరాబాద్ కచ్చి బిర్యానీ అట్లా కాదు. మసాలాలో నానిన పచ్చి మాంసం అడుగున, సగం ఉడికిన బియ్యం పైన, మూత చుట్టూ పిండి పెట్టి దమ్ వేస్తారు. కారమంతా అడుగునే ఉంటుంది. పైపొరలో తెల్లగా, అక్కడక్కడ పసుప్పచ్చగా ఉండే అన్నానికి నెయ్యి వాసన, వేయించిన ఉల్లిపాయ వాసన తప్ప కారం పెద్దగా ఉండదు. వడ్డించే భయ్యాతో ముందే ‘బచ్చేకే లియే ఊపర్ కా సఫేద్ చావల్ డాలో’ అనండి. వాళ్లకు అలవాటే, విసుక్కోరు. ఆ అన్నంలో పెరుగు చట్నీ వేసి కలపండి, పచ్చిమిర్చి ముక్కలు ఏరేసి. మిర్చీ కా సాలన్ గిన్నె మాత్రం వాడికి అందనంత దూరం జరపండి. పల్లీలు, నువ్వులు నూరి వేస్తారు కాబట్టి కమ్మగానే వాసన వస్తుంది, చెయ్యి పెట్టాడంటే అయిపోయింది.

ఐదుగురూ ఐదు ప్లేట్లు చెప్పకండి. ముందు రెండు చెప్పి చూడండి, ప్లేటు నిండుగానే వస్తుంది. చాలకపోతే మూడోది. చివర డబల్ కా మీఠా ఒకటి చెప్పండి. బ్రెడ్డు, పాలు, చక్కెర, పిల్లలిద్దరూ గీకి గీకి తింటారు.

వనపర్తి కోడలు:

డ్రైవరన్న అన్నీ బాగా చెప్పాడు, రోజులు తిప్పమన్నది నాకూ నచ్చింది. ఒక్క మాట మాత్రం అడగాలి. శనివారం పొద్దున నాలుగింటికి లేచి, పరాయి వంటింట్లో, ఐదుగురికి సద్ది కట్టేది ఎవరన్నా? చెట్టుకింద దుప్పటి చూడ్డానికి బాగుంటుంది. ఆ డబ్బాలు కడిగేదీ, ఖాళీ డబ్బాల సంచి జూ అంతా మోసేదీ కూడా టీచరమ్మే. సెలవుల్లో పిల్లలకు సెలవు, మొగుడికి సెలవు, ఆమెకు మాత్రం స్థలం మారిందంతేనా?

టీచరమ్మా, ఐదుగురికి కట్టకండి. అత్తమ్మకు ఒక డబ్బా, బాబుకు ఒక డబ్బా. అంతే. మీరు, మీ ఆయన, పెద్దమ్మాయి జూలో క్యాంటీన్ దగ్గర దొరికింది తినండి, లేదా కోఠీలోనో, ఎంజీబీఎస్ బస్టాండు బయటో దిగినప్పుడు దారిలో ఇడ్లీ, వడ పొట్లం కట్టించుకుని పోండి. చట్నీ వద్దని చెప్పండి, ఎండకు అదే ముందు పాడవుతుంది. పొడి వేయమనండి. ఒకవేళ అత్తమ్మ డబ్బా కూడా కుదరకపోతే అబిడ్స్‌లో తాజ్‌మహల్ హోటల్ ఉంది, శాకాహారమే, మీల్స్ పెడతారు. పాత హోటల్, మా మామయ్యకు హైదరాబాద్‌లో అదొక్కటే నమ్మకం. కాకపోతే జూ నుంచి అబిడ్స్ చేరేసరికి మీ బాబు ఆకలి వేళ దాటిపోతుంది, కాబట్టి వాడి డబ్బా తప్పదు.

పిజ్జా గురించి ఎవరూ మాట్లాడలేదు, పాపం ఆ పిల్ల అడిగింది అదొక్కటే. శనివారం సాయంత్రం వనస్థలిపురం చేరుకున్నాక అత్తమ్మను ఆడబిడ్డ దగ్గర వదిలి, కాళ్లు కడుక్కుని, మీరు నలుగురూ దగ్గర్లోని పిజ్జా కొట్టుకు పోండి. దానికోసం మాల్‌కు పోయే పనిలేదు, ఏ బ్రాంచిలోనైనా అదే పిజ్జా. అత్తమ్మ ఇంట్లో ఉప్మా తిని టీవీ చూసుకుంటుంది. నిజం చెప్పాలంటే ఆమెకూ ఆ రెండు గంటలు మీ గోల లేకుండా ఉండటమే హాయి.

మా పిల్లలకైతే పిజ్జా కంటే మొజంజాహీ మార్కెట్ ఐస్‌క్రీమ్ గుర్తుండిపోయింది. 1935లో కట్టిన రాతి మార్కెట్, నడుమ గడియారం బురుజు. ఆ మధ్య బాగుచేశాక ముందర కూర్చోవడానికి ఖాళీ జాగా కూడా ఉంది, సాయంత్రం పిల్లలు ఉరుకుతుంటే మనం మన ఐస్‌క్రీమ్ మనం తినొచ్చు. పండ్లతో చేసే ఐస్‌క్రీమ్ అక్కడి ప్రత్యేకం. మీరు పోయేది సీతాఫలాల కాలంలోనే, కాబట్టి అదే అడగండి. మా పాలమూరు జిల్లా బాలానగర్ సీతాఫలం దేశమంతా పేరున్న రకం. సీజన్‌లో మేము హైవే పక్కన గంపలు గంపలు కొంటాం. గింజలు ఊయలేక పిల్లలు సగం పండు పారేస్తారు. ఐస్‌క్రీమ్‌లో గింజ ఉండదు కదా, గిన్నె నాకేశారు.

నకిరేకల్ డ్రైవర్:

అక్కా, సద్ది టీచరమ్మే కట్టాలని నేను రాయలేదు. ఆమె మొగుడికి చేతులు లేవా? పులిహోర కలపడానికి బిర్యానీ మాస్టర్ కానక్కర్లేదు. నేను కారులో పోయేటప్పుడు నా సద్ది నేనే కట్టుకుంటాను.

వనపర్తి కోడలు:

అట్లయితే మీ ఇంటావిడ అదృష్టవంతురాలు అన్నా. రెండు డబ్బాల మాట మీద మాత్రం నేను తగ్గను.

జడ్చర్ల నర్సు:

నేను హోటళ్ల గురించి చెప్పను, తిన్నాక మా దగ్గరికి వచ్చేవాళ్ల గురించి చెబుతాను. చిన్నపిల్లలున్నప్పుడు రోడ్డు పక్కన వేడివేడిగా కళ్లముందు కాల్చి ఇచ్చిన దోశకు నేను భయపడను. కోసి పెట్టిన పండ్లు, ఐసు గడ్డలు వేసిన రసాలు, మయోనీజ్, ఈ మూడింటికీ భయపడతాను. పచ్చి గుడ్డుతో చేసే మయోనీజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాదిపాటు నిషేధించింది, ఊరికే చేసిన పని కాదది. పెద్దమ్మాయి షవర్మానో మోమోలో అడిగితే పక్కన ఇచ్చే ఆ తెల్ల గిన్నె వద్దనండి.

బండి మీద దోశ అయితే ముందే ‘కారం వద్దు’ అని చెప్పాలి. హైదరాబాద్ బండ్ల మీద పెనం మీదున్న దోశకే ఉప్మా, ఎర్రకారం పూసేస్తారు. మనం నోరు తెరిచేసరికి గరిటె తిరిగిపోయి ఉంటుంది.

సంచిలో రెండు ఓఆర్ఎస్ పొట్లాలు పెట్టుకోండి, విరేచనాలైతే నీళ్లలో కలిపి తాగించేది. పొడి పొట్లం, మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉండాలి. లీటరు నీళ్లకు కలిపేదైతే లీటరుకే కలపాలి, గ్లాసులో సగం పొట్లం అని అంచనాలు వద్దు. అట్టడబ్బాల్లో దొరికే తియ్యటి పానీయాలు ఓఆర్ఎస్ కాదు. వాటి మీద ఆ పేరు వేయొద్దని హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి కొట్లాడితే 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఒప్పుకుంది. బాబు రెండుసార్ల కంటే ఎక్కువ విరేచనాలు చేసుకుని నీరసంగా ఉంటే చార్మినార్ ఎక్కడికీ పోదు, డాక్టర్ దగ్గరికి పోండి.

ఎల్బీనగర్ బ్యాచిలర్:

అక్కా, నా మొదటి జవాబు మీద అందరూ పడ్డారు కాబట్టి పనికొచ్చేది రెండు ముక్కలు. ఒకటి, వనస్థలిపురం నుంచి ఎల్బీనగర్ వచ్చి మెట్రో ఎక్కండి. మలక్‌పేట తర్వాత ఎంజీబీఎస్. మారే పనిలేదు, దిగితే మ్యూజియం ఆటోకు దగ్గరే. బాబుకు తినిపించేదుంటే ఎక్కకముందే తినిపించండి, మెట్రోలో తిననివ్వరు.

రెండు, బిల్లులో సర్వీస్ చార్జి అని వేస్తే తీసేయమని అడగండి. అది కట్టి తీరాలని ఒత్తిడి చేయకూడదని వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జులైలోనే చెప్పింది. జీఎస్టీ వేరు, అది కట్టాల్సిందే. మొహమాటపడకండి, మా ఫ్రెండ్స్ అందరం అడుగుతాం. చిన్న ఇరానీ హోటళ్లలో ఈ గొడవే ఉండదు.

దేవరకొండ టీచరమ్మ:

ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు, అందరికీ థాంక్స్. రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకు చదివి వినిపించాను. ‘మొగుడికి చేతులు లేవా’ దగ్గర అత్తమ్మ గట్టిగా నవ్వింది, ఈయన పెరుగు గిన్నె వైపు చూస్తూ కూర్చున్నాడు. చివరికి శనివారం పులిహోర ఈయనే కలుపుతానన్నాడు. చింతపండు పులుసు మాత్రం నేను ముందురోజే ఉడికించి ఇవ్వాలట. సరే, అంతవరకు వచ్చాం. డబ్బాలు మూడు: అత్తమ్మది, బాబుది, గుడ్లది. మిగతావాళ్లకు ఇడ్లీ పొట్లం.

అత్తమ్మకు రోజులు తిప్పడం బాగా నచ్చింది. ‘ఆదివారమైతే నేను కూడా బిర్యానీ తింటా గదా’ అంది. ఇన్నాళ్లూ ఆమె మా కోసమే వస్తోంది అనుకున్నాం, ఆమె లెక్క ఆమెకుంది.

ఇంకో రెండు అనుమానాలు. ఆదివారం బిర్యానీ తిన్నాక చార్మినార్, లాడ్‌బజార్‌లో గాజులు అయ్యేసరికి ఐదవుతుంది. నిమ్రా కేఫ్‌లో చాయ్ తాగమని అందరూ అంటారు, పిల్లలతో కుదురుతుందా? సాయంత్రం దేవరకొండ బస్సెక్కే ముందు పిల్లలకు ఏం పెట్టాలి? బాబుకు బస్సులో వాంతులు అవుతాయి, దారిలో మాల్ ఊరు దాటేలోపు ఒకసారైనా గ్యారంటీ.

నకిరేకల్ డ్రైవర్:

నిమ్రాలో కుదురుతుంది, కానీ అది కూర్చుని తినే చోటు కాదు. చార్మినార్ పక్కనే, మక్కా మసీదు దిక్కు ఉంటుంది, జనమంతా నిలబడే తాగుతారు. మీ ఆయన లోపలికి పోయి చాయ్ పట్టుకొస్తాడు, మీరు బాబు చెయ్యి వదలకుండా బయట ఒక పక్కన నిలబడండి. ఇరానీ చాయ్ చిక్కగా ఉంటుంది, పిల్లలకు పట్టకండి. ఉస్మానియా బిస్కెట్లు పావు కిలో తీసుకోండి. కొంచెం ఉప్పగా, కొంచెం తియ్యగా ఉంటాయి, మీ బాబు మెనూలో కొత్తగా చేరేది అదే అవుతుంది చూడండి. మిగిలినవి బస్సుకు పనికొస్తాయి.

బస్సుకు ముందు బిర్యానీ, ఐస్‌క్రీమ్, పాలు, ఏవీ వద్దు. మొజంజాహీ ఐస్‌క్రీమ్ తినాలంటే చార్మినార్ నుంచి నేరుగా ఆటోలో పోండి, తిన్నాక గంటన్నా ఆగి బస్సెక్కండి. ఆ గంటలో పిల్లలు మార్కెట్ ముందు ఉరుకుతారు కదా, అదే మంచిది. అక్కడి నుంచి ఎంజీబీఎస్‌కు ఎంతో దూరం లేదు. ఎక్కే ముందు బాబుకు ఒక ఇడ్లీ, చక్కెర అద్దుకుని. ఒక్కటే. మిగతా ఆకలి ఇబ్రహీంపట్నం దాటాక బిస్కెట్‌తో తీర్చండి.

ఇంకోటి, ఆదివారం సాయంత్రం ఎల్బీనగర్‌లోనో సాగర్ రింగ్‌రోడ్డులోనో ఎక్కుదామనుకోవద్దు. అక్కడికి వచ్చేసరికి బస్సు నిండిపోతుంది, వాంతి చేసుకునే పిల్లగాడిని పట్టుకుని నిలబడాల్సి వస్తుంది. ఎంజీబీఎస్‌లోనే ఎక్కి ముందు వరుసల్లో, కిటికీ పక్క సీటు పట్టుకోండి. మీ జీరో టికెట్‌కు ఆధార్ కార్డులు మర్చిపోకండి, అత్తమ్మది కూడా.

వనపర్తి కోడలు:

టీచరమ్మా, వచ్చాక ఒక్కటి చెప్పాలి. పులిహోరలో ఉప్పు సరిపోయిందా?